రెండు సగాల పాస్‌వర్డ్

నాకు కోపం తొందరగా వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఈ జ్ఞాపకంలో నేను గట్టిగా అరవాల్సిన సమయాలన్నిటిలోనూ నోరు మూసుకుని, గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాను.

తొంభైల చివర్లో ఆదిలాబాద్ జిల్లాలోని ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. మాది జమ్మికుంట దగ్గర పల్లె. కరీంనగర్‌లో ఏడాది డిప్లొమా చేశాను. ఏటా జూన్‌లో ప్రిన్సిపాల్ సంతకం పెడితే ఉద్యోగం ఉన్నట్టు, పెట్టకపోతే లేనట్టు. "మా బిడ్డ ఏసీ రూంల నౌకరి జేస్తది" అని బాపు ఊళ్ళో అందరికీ చెప్పుకునేవాడు. ఏసీ ఉన్నమాట నిజమే. అయితే పాఠం కాగానే అటెండర్ నన్ను బయటికి పంపి, కంప్యూటర్లను చల్లగా లోపల ఉంచి తలుపేసేవాడు.

మొత్తం మూడు కంప్యూటర్లు. ఒకటి పనిచేసేది. ఒకటి దాని ఇష్టాన్నిబట్టి పనిచేసేది. మూడోదాని మీద అటెండర్ తువ్వాల ఆరేసుకునేవాడు. ఆ పనిచేసేదాని కోసం ప్రతి గురువారం ఉట్నూరు వైపు నుంచి ఒక పెద్దాయన బస్సులో వచ్చేవారు. ఆశ్రమ పాఠశాలలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన గోండు మనిషి. మేమందరం ఆయన్ని "పెద్దసార్" అనేవాళ్ళం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ గూడేనికి బదిలీ అయితే ఆ గూడెంలో గోండి మాటలు ఏరి నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. ఐదారు వేల మాటలు, వాటి అర్థాలు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, వరుసలో పెట్టి, ఒక పుస్తకంగా అచ్చు వేయించాలని ఆయన కోరిక.

తొందర కూడా ఉంది. ఆయన కళ్ళకు నీటికాసులు. పోయిన చూపు తిరిగిరాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని డాక్టర్ చెప్పాడట. "నా కండ్లతోని ఒక్కపారి అన్ని మాటలు సరిచూస్కుంట బిడ్డా. అటెంక పోతే పోనీ" అనేవారు, ఏదో బస్సు సంగతి చెప్పినట్టు.

మొదటిసారి సగం మాటలు ఎక్కించాక వైరస్ వచ్చింది. ఎవరో విద్యార్థి ఫ్లాపీలో తెచ్చాడు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే ఊడి కింద రాలిపోవడం మొదలైంది. చూడ్డానికి బాగుందని క్లాసంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టింది. పెద్దసార్ మాత్రం రాలిన అక్షరాలను వేలితో పైకి తోయబోయారు. మర్నాడు ఉదయం వెళ్ళేసరికి అటెండర్ ఆ గది తలుపుకు వేపమండలు కట్టి, గుమ్మం ముందు పసుపునీళ్ళు చల్లి ఉంచాడు. ఇంట్లో అమ్మవారు పోసినప్పుడు చేసేదే. నాకు ఒళ్ళు మండింది. "గిది పిల్లలకొచ్చే రోగం గాదు" అంటే, "ఏదైతేంది మేడం, అంటుకునేదే గద" అన్నాడు.

మాటలన్నీ పోయాయి. అప్పుడే నేను ఆ కంప్యూటర్‌లో దాన్ని నడిపించే రెండో వ్యవస్థ, అంటే ఇంకో ఆపరేటింగ్ సిస్టం పెట్టాను. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో ఉంది అది. డిస్కును రెండు భాగాలు చేసి, ఒక భాగంలో పిల్లలు ఆడుకునే పాతదాన్ని ఉంచి, రెండో భాగంలో దీన్ని పెట్టాను. స్విచ్చు వేయగానే ఏది కావాలో అడుగుతుంది. పాతదానికి అంటుకున్న వైరస్ దీన్ని ఏమీ చేయలేదు. పైగా ఎన్ని వేల మాటలైనా రెప్పపాటులో వరుసలో పెట్టేస్తుంది. తెలుగు అక్షరాలు మాత్రం దానికి రావు. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. "మా మాటకు తెలుగు అంగీయే ఇరుకు బిడ్డా, గిప్పుడు ఇంగ్లీషు అంగీ తొడుగుతున్నం" అని నవ్వి, పెద్దసార్ ఒక్క వేలితో మళ్ళీ మొదటి మాట నుంచి మొదలుపెట్టారు.

స్టాఫ్ రూంలో దీనికి వెంటనే పేరొచ్చింది. పాతది పెద్దిల్లట, కొత్తది చిన్నిల్లట. "మేడం, ఇయ్యాల చిన్నిల్లు తెర్సిన్రా?" అని పెళ్ళయి పిల్లలున్న లెక్చరర్లు పెళ్ళికాని నన్ను అడిగి పడీపడీ నవ్వేవారు. వాళ్ళలో ఒక్కరికైనా మౌసు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు.

ఆ వానాకాలం పెద్దసార్ ఇల్లు కురిసి నోట్‌బుక్కులన్నీ తడిసి ముద్దయ్యాయి. సిరా అంతా నీలం మరకై పోయింది. అదృష్టం, అప్పటికి మాటలన్నీ చిన్నింట్లోకి ఎక్కాయి. సరిచూడటమే మిగిలింది. అయితే లోకంలో ఆ మాటలు ఇక ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. ఫ్లాపీలోకి తీద్దామంటే, వైరస్ వచ్చిన నాడే ప్రిన్సిపాల్ ఫ్లాపీలన్నీ బీరువాలో పెట్టి సీలు వేయించారు. ప్రింటు తీద్దామంటే ప్రింటర్‌కు రిబ్బన్ కావాలని పెట్టిన అర్జీ ఏ టేబుల్ మీద ఉందో ఎవరికీ తెలియదు. అందుకని నేనే వెళ్ళి, "సార్, ఈ డాటా చాలా విలువైనది, కాపాడుకోవాలి, దీనికి పాస్‌వర్డ్ ఉంటుంది" అని ప్రిన్సిపాల్‌కు గంటసేపు చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన పాఠాల్లో అంత శ్రద్ధగా ఎవరూ విన్నది లేదు.

ప్రిన్సిపాల్ ఇరవై ఏళ్ళు పరీక్షలు జరిపించిన మనిషి. ప్రశ్నపత్రాల పెట్టెకు రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరవాలి. ఆయనకు తెలిసిన భద్రత అదే. "పాస్‌వర్డ్ గూడ గట్లనే పెడదాం. సగం నాది, సగం సూపరింటెండెంటుది. నడ్మల ఎవ్వరు లేరు" అన్నారు. "నాకు?" అన్నాను. "నీకెందుకమ్మా? నువ్వు టెంపరరీ" అన్నారు. పెద్దసార్‌కు వేరే పాస్‌వర్డ్‌తో చిన్న దారి ఒకటి తెరిచి ఇవ్వొచ్చు సార్, అది ఆ వ్యవస్థలోనే ఉంది అని చెప్పి చూశాను. "ఒక్క ఇంటికి రెండు దర్వాజలెందుకు?" అని కొట్టిపారేశారు. మళ్ళీ జూన్‌లో ఆయన సంతకం కావాలి. నేను ఊరుకున్నాను.

ఇక్కడ ఆఫీసు సూపరింటెండెంటు గురించి చెప్పాలి. ఆయనకూ ప్రిన్సిపాల్‌కూ మాటల్లేవు. ఫ్యాను కింద ఉన్న ఆయన టేబుల్‌ను ప్రిన్సిపాల్ గోడ పక్కకు జరిపించారు, అదీ గొడవ. ఇద్దరి గదుల మధ్య ఒక పరదా మాత్రమే అడ్డం. అయినా ఏ మాటైనా కాగితం మీద రాసి, అటెండర్ చేతికిచ్చి, పరదా అవతలికి పంపుకునేవారు. ఒకరు దగ్గితే రెండోవారికి వినపడే దూరం అది.

పాస్‌వర్డ్ పెట్టేరోజు ముందుగా సర్క్యులర్ వచ్చింది: ఆ సమయంలో గదిలో ఉన్నవారందరూ గోడవైపు తిరగవలెను. నేను, పెద్దసార్, అటెండర్ వరసగా గోడకు మొహం పెట్టి నిలబడ్డాం. వెనక నుంచి ప్రిన్సిపాల్ గొంతు వినపడింది.

"మేడం, గిదేదో రాస్తుంది."

"ఏం రాసింది సార్?"

"ఇంగ్లీషే. నువ్వు తిరగకు."

నేను తిరగలేదు. ఆయన తన సగం కొట్టారు. సూపరింటెండెంటు తన సగం కొట్టారు. మళ్ళీ ఒకసారి కొట్టమని అడిగింది, మళ్ళీ కొట్టారు. పని అయిపోయింది. "ఎవరికీ చెప్పకండి సార్, ఇంట్లోవాళ్ళకు కూడా" అని నేను ఇద్దరికీ గోడవైపు తిరిగే పాఠం చెప్పాను.

అప్పట్నుంచి ప్రతి గురువారం ఒక తంతు నడిచేది. పెద్దసార్ రాగానే అటెండర్ రెండు గదులకూ కబురు పెట్టేవాడు. మేం గోడకు తిరిగేవాళ్ళం. ఆ వ్యవస్థలో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. "పడ్తలేదు మేడం, మిషిని తీస్కుంటలేదు" అని ప్రిన్సిపాల్ ప్రతి వారం అనేవారు. "పడదు సార్, మీరు కొట్టండి" అని నేను ప్రతి వారం గోడకు చెప్పేదాన్ని. ఆయన కొండగట్టు అంజన్న భక్తుడు. నుదుట సింధూరం లేకుండా ఎవరూ చూడలేదు. ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుంటూ "ఏ... ఎన్... జె..." అని పైకే అనుకుంటూ కొట్టేవారు. చివరి "ఏ" దాకా వరండాలోకి వినపడేది. కాలేజీలో ఆ సగం తెలియనివాళ్ళు లేరు. క్యాంటీన్‌లో ఛాయ్ పోసే ఆయనకు కూడా తెలుసు.

సూపరింటెండెంటు అలాకాదు. కీబోర్డు మీద తువ్వాల కప్పి, పశువుల అంగట్లో తువ్వాల కింద వేళ్ళతో బేరం చేసినట్టు, పైకి చూస్తూ కింద తన సగం కొట్టి, చివర ఎంటర్ కూడా తానే నొక్కేవారు. చిత్రమేమిటంటే, అలా చూడకుండా కొట్టినా ఆయనది ఒక్కసారి కూడా తప్పు పోలేదు. తలుపు తెరుచుకోలేదంటే ప్రిన్సిపాలే ఎక్కడో తడబడ్డారన్నమాట. "నాది ఎన్నడన్న తప్పిందా మేడం? మీరే జెప్పున్రి" అని ఆయన నాతో, ప్రిన్సిపాల్‌కు వినపడేలా అనేవారు. నేను కూడా, ఎంత జ్ఞాపకశక్తి ఈయనకు, అని మెచ్చుకునేదాన్ని. మెచ్చుకున్నందుకు ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇలా మూడో వంతు మాటలు సరిచూడటం అయింది. అప్పుడు ప్రిన్సిపాల్ పరదా అవతలికి ఒక మెమో పంపారు: కీబోర్డు మీద తువ్వాల కప్పుట కార్యాలయ మర్యాదకు విరుద్ధము. సూపరింటెండెంటు ఆ సాయంత్రమే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, సెలవు మీద మంథని పక్కనున్న తన ఊరికి వెళ్ళిపోయారు. పాస్‌వర్డ్‌లో రెండో సగం ఆయనతో పాటు బస్సెక్కింది.

పెద్దసార్ మాత్రం మానలేదు. గురువారం పొద్దున్నే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. "ఇయ్యాల గూడ రాలేదా బిడ్డా?" అని అడిగి, లేదంటే ఇంకో గంట కూర్చుని, తిరుగు బస్సుకు వెళ్ళేవారు. మొదట్లో నేను గేటు దగ్గర ఉండగానే చెయ్యెత్తేవారు. రెండు నెలలకు, మెట్లెక్కాక గుర్తుపట్టేవారు. తరవాత నా గొంతు విన్నాకనే తలెత్తేవారు. ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను.

ప్రిన్సిపాల్ మంథనికి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాశారు. "నా వంతు సగము నా వద్ద క్షేమముగా ఉన్నది. విధులలో చేరిన పిమ్మట చార్జి జాబితాతో అప్పగించగలను" అని జవాబు వచ్చింది. అటెండర్‌ను పంపితే, రాతపూర్వక ఉత్తర్వు లేనిదే చెప్పనన్నారు. ఉత్తర్వు రాయమంటే ప్రిన్సిపాల్, "రాతల పెడితే రహస్యం యాడుంటది?" అన్నారు. చివరికి ఒక ఆదివారం నేనే పెద్దపల్లి మీదుగా బస్సులు మారి వెళ్ళాను. ఆయన వాకిట్లో ఆరబోసిన వడ్లు కలుపుతున్నారు. జబ్బు ఎక్కడా కనపడలేదు. కుర్చీ వేశారు, ఛాయ్ ఇప్పించారు.

"సార్, పెద్దసార్ కండ్లు పోతున్నయ్" అన్నాను.

"నాకు ఎరికనే మేడం. నాకు గూడ బాధైతుంది."

"మరి చెప్పున్రి."

"పానం పోయినా చెప్ప. మీరే గద జెప్పిన్రు, ఇంట్లోల్లకు గూడ చెప్పద్దని. మా ఇంటామె ఎన్నిపార్ల అడిగిందో. నేను చెప్పలే."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇంకొకటి కూడా అయింది, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను చెప్పిన పాఠం కాలేజీ మొత్తంలో ఒక్క మనిషైనా ఇంత గట్టిగా పట్టుకున్నాడని లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వంతోనే ఛాయ్ తాగి, ఖాళీ చేతులతో బస్సెక్కాను.

ఆరు నెలలకు ఆయన సెలవులన్నీ అయిపోయి, ఒక గురువారం వచ్చి డ్యూటీలో చేరారు. ఆ రోజు పెద్దసార్‌ను కండక్టర్ చెయ్యి పట్టుకుని గేటు దాకా తెచ్చి దింపాడు. అక్కణ్ణుంచి అటెండర్ నడిపించుకొచ్చాడు. చూపు పూర్తిగా పోయింది. అయినా పాస్‌వర్డ్ కొడతారనగానే అలవాటుగా లేచి, తడుముకుంటూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. మీరు తిరగక్కర్లేదు సార్ అని చెప్పాల్సింది. నేనూ ఆయన పక్కనే గోడవైపు తిరిగాను.

ప్రిన్సిపాల్ కూర్చున్నారు. "ఏ... ఎన్... జె..." అని మొదలుపెట్టారు. ఆరు నెలల తరవాత కొట్టడం కదా, చివరి అక్షరం అవగానే అమ్మయ్య అనుకున్నారేమో, అలవాటు మరిచి ఎంటర్ కొట్టేశారు.

డిస్కు గుర్రుమంది. నేను వెనక్కి తిరిగాను. తెర మీద పెద్దసార్ మాటల గది తలుపు బార్లా తెరుచుకుని ఉంది.

సూపరింటెండెంటు చేతిలో తువ్వాల అలాగే ఉంది. "నాది ఇంకా కొట్టలే!" అన్నారు. ప్రిన్సిపాల్‌తో ఆయన నేరుగా మాట్లాడటం రెండేళ్ళలో అదే మొదటిసారి. "నేను కొట్టంది గెట్ల తెరుస్తది? లెవ్వున్రి, నా సగం నేను కొట్టాలె" అని ఆయన్ని లేపి, తాను కూర్చుని, తువ్వాల కప్పి, తన సగం కొట్టి ఎంటర్ నొక్కారు. లోపలికి వెళ్ళాక కొట్టింది దాగదు. తెర మీద అందరికీ కనపడేలా పడింది: myfan. దాని కిందే, ఇలాంటి ఆజ్ఞ ఏదీ నాకు తెలియదు అని కంప్యూటర్ ఇంగ్లీషులో జవాబిచ్చింది. ప్రిన్సిపాల్ వంగి చదివారు. మళ్ళీ చదివారు.

నేను సొరుగులోంచి ఆ సీడీతో వచ్చిన పత్రిక తీసి చూశాను. ఆ వ్యవస్థ పాస్‌వర్డ్‌లో మొదటి ఎనిమిది అక్షరాలే చూస్తుంది. తరవాత రామకోటి రాసినా పట్టించుకోదు. ఆంజనేయ అని ఇంగ్లీషులో కొడితే సరిగ్గా ఎనిమిది. సూపరింటెండెంటు సగాన్ని అది ఏనాడూ అడగలేదు. తువ్వాల కింద ఆయన ఏం కొట్టినా తప్పు పోకపోవడానికి కారణం అదే. ఎనిమిదికి మించొద్దని పాస్‌వర్డ్ పెట్టిన రోజు తెర మీద రాసింది కూడా. చదివితే అర్థమయ్యే ఒకే ఒక్క మనిషిని గోడవైపు తిప్పి నిలబెట్టారు. నిలబడింది నేను. జూన్ సంతకం కోసం నిలబడ్డాను. ఆరు నెలల పాటు ఆ ఎనిమిది అక్షరాలూ నాకు తెలుసు, ఛాయ్ పోసే ఆయనకు తెలుసు. ఒక్కసారి అంతవరకే కొట్టి చూద్దామని నాకు తోచలేదు. తోచినా కొట్టేదాన్ని కానేమో.

"తెర్సుకున్నదా బిడ్డా?" అని పెద్దసార్ గోడ దగ్గర్నుంచి అడిగారు.

తెరుచుకుంది సార్ అన్నాను. చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన కీబోర్డును వేళ్ళతో తడుముతూ అడిగారు. "గీ తాళం ఎవలకు భయపడి పెట్టిన్రు బిడ్డా? గీ మాటలను ఎవలన్న ఎత్కపోతే బాగుండనే గద, నేను గిన్నేండ్లు గూడేలు పట్టుకొని తిరిగింది."

మిగిలిన మాటలు నేను చదివాను, ఆయన విన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లోంచి నా జమ్మికుంట నోటితో చదివితే ఒక్క మాటా తిన్నగా వచ్చేది కాదు. గోండిలో నీళ్ళను ఏర్ అంటారు. దాన్ని నేను ఎర్ అని చదివితే, "జర సాగదియ్ బిడ్డా, నీళ్ళు గద, పారనియ్" అనేవారు. చాలా గురువారాలు పట్టింది. ఇద్దరు ఆఫీసర్లూ ఆ గది వైపు మళ్ళీ రాలేదు. వాళ్ళిద్దరికీ మాటలు కలిశాయని, టేబుల్ ఫ్యాను కిందికి జరిగిందని మాత్రం విన్నాను.

ఆయన అన్న ఆ మాట పట్టుకుని తాళం తీసేశాను. పాస్‌వర్డ్ అడిగినచోట ఉత్త ఎంటర్ కొడితే చాలు. బీరువా సీలు విప్పించి, ఫ్లాపీలన్నిటిలోకీ ఆ మాటలు ఎక్కించి, ఎవరైనా తీసుకెళ్ళవచ్చని నోటీసు పెట్టాను. విద్యార్థులు ఎగబడ్డారు. రెండు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఫ్లాపీలు ఊరికే వస్తున్నాయని వచ్చారు. నా ఎదురుగానే అందులో ఉన్నదంతా చెరిపేసి ఆటలు ఎక్కించుకున్నారు.

ఆ గురువారం పెద్దసార్ వచ్చి కూర్చుంటూనే అడిగారు. "ఎవలన్న ఎత్కపోయిన్రా బిడ్డా?"

"అన్నీ ఎత్కపోయిన్రు సార్" అన్నాను.

"అవునా! ఏ ఊరోల్లు?"

నోటికొచ్చిన ఊళ్ళు చెప్పాను. జైనూరు అన్నాను, ఆసిఫాబాద్ అన్నాను, మంథని అన్నాను. ఆయన ప్రతి ఊరి పేరునూ మళ్ళీ ఒకసారి పలికి, ఒక్కొక్క వేలు మడుచుకున్నారు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక, ఇంకా ఉన్నాయా అన్నట్టు నావైపు మొహం పెట్టి ఆగారు. ఆయనకు కనపడదు కదా అని, ఎదురుగా కూర్చునే ఏడ్చాను.